మారేడుమిల్లి వెదుళ్లలో తెల్లవారుజామున పాడే పిట్ట ఏది?

తూర్పుగాలి (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

మా నాన్నగారు ఇరవై ఏళ్లకు పైగా ఘాట్ రోడ్డు మీద భద్రాచలం బస్సు నడిపారు. షుగర్ వల్ల నాలుగేళ్లుగా చూపు బాగా పోయింది. ఇప్పుడు వెలుగూ నీడా మాత్రమే తెలుస్తాయి. మొన్న ఏప్రిల్ మొదటి వారంలో ఆయనకు పాత దారి ఒకసారి తిప్పి చూపిద్దామని మారేడుమిల్లి తీసుకెళ్లి, రాత్రికి అక్కడే ఉన్నాం. తెల్లవారుజామున అయిదుంబావుకి కారు వాగు పక్కన ఆపాను. ఇంకా చీకటిగానే ఉంది. అవతల వెదురుపొదల్లోంచి ఒక పిట్ట పాడటం మొదలుపెట్టింది. నాన్న నా మణికట్టు పట్టుకుని "ఆగు" అన్నారు. పాట అయ్యేదాకా చెయ్యి వదల్లేదు. తర్వాత చెప్పారు: రేడియేటర్‌లో నీళ్లు పోయడానికి బస్సు ఆపినప్పుడల్లా వినేవారట. ఇంజన్ కట్టేసి, ప్రయాణికులు గొణుగుతున్నా రెండు నిమిషాలు ఆగేవారట. "ఇదే ఆ పిట్ట. పేరు మాత్రం ఇప్పటికీ తెలీదు" అన్నారు.

42 సెకన్ల రికార్డింగ్ జత చేశాను. ఫొటో లేదు. కాస్త తెల్లారాక మనిషి ఎత్తులో నల్లటిదేదో ఒక పొదలోంచి ఇంకో పొదలోకి దూసుకుపోయింది. తోక పొడుగు. వెళ్తున్నప్పుడు తెల్లగా ఏదో మెరిసింది. అంతే చూశాను. ఫోన్‌లో పిట్ట గొంతు విని పేరు చెప్పే యాప్ మూడుసార్లు పెడితే మూడు పేర్లు చెప్పింది.

ఇది ఏ పిట్ట? ఏడాదంతా అక్కడే ఉంటుందా? నాన్నకు పేరు చెప్పాలి.

ఉదయపు నడక (విశాఖపట్నం)

ఇది పెద్ద నలంచి అండీ. ఇంగ్లీషులో ఓరియంటల్ మ్యాగ్‌పై రాబిన్ అంటారు. నలుపు తెలుపు పిట్ట. మా అపార్ట్‌మెంట్ నీళ్ల ట్యాంకు మీద కూర్చుని మార్చి నుంచి జూన్ దాకా రోజూ పాడుతుంది. తెల్లవారుజామున అందరికంటే ముందు మొదలుపెట్టేది అదే. బంగ్లాదేశ్ జాతీయ పక్షి కూడా. నాన్నగారికి నిస్సందేహంగా చెప్పేయండి.

పొలంగట్టు (నంద్యాల)

నాకు పొన్నంగి పిట్టేమో అనిపిస్తోంది. పొద్దు పొడిచే ముందు, పొద్దు గూకేటప్పుడు అరుస్తుంది. తమిళనాడులో దాన్ని ఆరు గంటల పిట్ట అని పిలుస్తారు. నేల మీదే తిరుగుతుంది కాబట్టి కిందినుంచి వినిపించడం కూడా కుదురుతోంది.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ జాతి పక్షులకు శాస్త్రంలో ఉన్న పేరు "పిట్టా". అది మన తెలుగు మాటే. 1816లో వియో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. మనం ప్రతి చిన్న పక్షినీ పిలిచే మాట ఇప్పుడు ప్రపంచమంతా ఒక జాతికి పేరయింది.

కొండదారి (రంపచోడవరం)

తూర్పుగాలి గారూ, పేరు చెప్పే ముందు కొన్ని అడుగుతాను. గుర్తున్నంతవరకు చెప్పండి. లేకపోతే లేదని రాయండి, ఊహించొద్దు.

పాట ఎంత ఎత్తు నుంచి వచ్చింది? చెట్టు కొసనుంచా, పొద లోపల్నుంచా? తెలుపు రెక్కలో మెరిసిందా, తోక మొదట్లోనా, తోక అంచుల్లోనా? పొట్ట రంగు కనిపించిందా? పాటలో ఒకే వరస మళ్లీ మళ్లీ వచ్చిందా, ప్రతిసారీ మారిందా? దగ్గర్లో నీళ్లున్నాయా?

పొలంగట్టు అన్నా, పొన్నంగి ఇది కాదు. దానిది రెండు స్వరాల ఈల. పైకి లేచి కిందికి దిగుతుంది, అంతే. నాన్నగారు బస్సు ఆపి రెండు నిమిషాలు వినేంత పాట దాని గొంతులో లేదు. పక్షుల శాస్త్రం ప్రకారం పొన్నంగి అసలు పాటపక్షుల శాఖలోకి రాదు, గొంతు నిర్మాణమే వేరు. పైగా ఏడాదంతా మన దగ్గర ఉండదు. చలికాలం గడిపి, ఎండలు ముదిరేసరికి గూళ్లు పెట్టడానికి మధ్య భారతానికీ హిమాలయాల దిగువకూ వెళ్లిపోతుంది.

తూర్పుగాలి

థాంక్సండీ. నాకు తెలిసినవి రాస్తాను.

పాట కిందినుంచే వచ్చింది. నా తల ఎత్తుకు మించి ఉండదు. వెదురు గుంపు లోపల్నుంచి. వాగు పది అడుగుల దూరంలో ఉంది, నీళ్లు పారుతున్నాయి. పొట్ట రంగు చూడలేదు. తెలుపు మాత్రం వీపు మీద, తోక మొదలయ్యే చోట. ఇది బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ మసక వెలుతురులో ముందు కనిపించింది అదే. ఎవరో తెల్ల జేబురుమాలు విసిరినట్టు.

పాట మారుతూనే ఉందని నాన్న అంటున్నారు. "మా ఇంటి గోడ మీద పాడేది ఇది కాదు. అది సన్నగా ఈల వేస్తుంది. దీని గొంతు నిండుగా ఉంటుంది" అన్నారు. ఇంటి గోడ మీద పాడేది పెద్ద నలంచే. నేను చూశాను.

శబ్దగ్రాహి (హైదరాబాద్)

రికార్డింగ్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎనిమిది సార్లు విన్నాను. వాగు హోరు ఎక్కువగా ఉంది. కింది శబ్దాలు కాస్త తగ్గించి మళ్లీ విన్నాను.

మొదటి నాలుగు సెకన్లు నాలుగు నిండు స్వరాలు, వేణువులో కింది రంధ్రాలు మూసి ఊదినట్టు. తర్వాత అర సెకను ఆగింది. తర్వాతి వరస పూర్తిగా వేరు. తొమ్మిదో సెకను దగ్గర నాలుక కొట్టినట్టు "టక్ టక్" అని రెండు పొడి చప్పుళ్లు. ఇరవై సెకన్ల దగ్గర పిగిలిపిట్ట పిలుపు వినిపిస్తుంది. నేను మొదట అది వేరే పక్షి అనుకున్నాను. కానీ ధ్వని వస్తున్న దిక్కు మారలేదు, గట్టిదనం మారలేదు, వెంటనే అదే గొంతు తన పాటలోకి జారిపోయింది. అంటే పిగిలిపిట్టను అనుకరించింది.

నా అంచనా: వైట్-రంప్డ్ షామా. యాప్ మూడు పేర్లు చెప్పడానికి కారణం కూడా ఈ అనుకరణే అయ్యుంటుంది. దొంగిలించిన ముక్క దొరికితే యాప్ ఆ ముక్క అసలు యజమాని పేరు చెబుతుంది.

ఉదయపు నడక

కాదనడం కోసం రాయడం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా. అనుకరించేది షామా ఒక్కటేనా? ఆ అడవుల్లో తోక చివర రెండు తీగలు వేలాడే పసులపోలిగాడు, అదే రాకెట్ తోకది, అన్ని పక్షుల గొంతులూ పలుకుతుంది కదా. పెద్ద నలంచి కూడా కొంత పలుకుతుంది. తోక అంచుల్లో తెలుపు దానికీ ఉంది. తెల్లవారుజాము, పొడుగు పాట, నలుపు తెలుపు... ఇవన్నీ పెద్ద నలంచికీ సరిపోతాయి.

కొండదారి

మంచి ప్రశ్న. రెండూ దగ్గర బంధువులే, ఒకే ప్రజాతి, కాప్సికస్. అందుకే ఇంత తికమక.

ముందు రాకెట్ తోకదాన్ని పక్కన పెడదాం. అది ఒళ్లంతా నలుపే, తెలుపు ఎక్కడా ఉండదు. చెట్ల నడుమ ఎత్తున, ఇతర పక్షుల గుంపులతో కలిసి తిరుగుతుంది. దాని పాటలో ఇనప ముక్క మీద కొట్టినట్టు ఖంగుమనే శబ్దాలు కలుస్తాయి. తూర్పుగాలి గారు విన్నది తల ఎత్తులో, పొద లోపల, ఒంటరిగా.

ఇక పెద్ద నలంచి. మగపిట్టకు రెక్క మీద పొడుగ్గా తెల్లచార ఉంటుంది, కూర్చున్నా ఎగిరినా కనిపిస్తుంది. పొట్ట తెలుపు. తోక నిక్కబొడిచి కూర్చుంటుంది. పాడటానికి అందరికీ కనిపించే చోటు వెతుక్కుంటుంది: ట్యాంకు, యాంటెన్నా, కరెంటు తీగ, చెట్టు కొస. మనిషి ఉన్నచోట దానికి హాయి.

షామాకు రెక్కలో తెలుపు లేదు. తెలుపు ఉండేది నడుము మీద, తోక మొదట్లో, ఇంకా తోక పక్క ఈకల్లో. కూర్చుంటే రెక్కలు కప్పేస్తాయి, ఎగిరితేనే బయటపడుతుంది. అందుకే మీకు ఎగిరిన క్షణంలో మాత్రమే కనిపించింది. మగదానికి తల, వీపు, రొమ్ము నిగనిగలాడే నలుపు, పొట్ట కొత్త చింతపండు రంగు. కాళ్లు గులాబీ. పొడవు 23 నుంచి 28 సెంటీమీటర్లు, అందులో సగానికి పైగా తోకే. బరువు ముప్పై గ్రాముల చుట్టుపక్కల. ఆడది బూడిద గోధుమ రంగు, తోక పొట్టి.

పదేళ్లుగా ఈ కొండల్లో తిరుగుతున్నాను. షామాను బాగా చూసింది పట్టుమని ముప్పైసార్లు ఉండదు. విన్నది మాత్రం లెక్కలేదు. చీకటి పొదల్లో, కింద ఎండుటాకులున్న చోట, వాగుల పక్కన ఉంటుంది. ఆకుల మధ్య పురుగులు ఏరుకుంటుంది. మన కాలి చప్పుడు వింటే ఆ "టక్ టక్" మొదలెడుతుంది. శబ్దగ్రాహి విన్నది అదే. తూర్పుగాలి గారు ఇంకో అడుగు ముందుకేసి ఉంటే పాట ఆగిపోయేది.

నా మట్టుకు ఆ చోటే సగం జవాబు. వాగు, వెదురు, తల ఎత్తు, చీకటి. ఈ నాలుగూ వినగానే షామా అనుకున్నాను, రికార్డింగ్ తర్వాతే విన్నాను.

ఉదయపు నడక

నడుము తెలుపు, రెక్క తెలుపు తేడా ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదండీ. నా మాట వెనక్కి తీసుకుంటున్నా. తూర్పుగాలి గారూ, నాన్నగారికి తప్పు పేరు చెప్పించబోయాను, మన్నించండి.

నెల్లూరు నీడ

నాన్నగారికి ఇంగ్లీషు పేరు ఎందుకు? దీనికి తెలుగు పేరుంది. పొద నలంచి. తోక నలంచి అని కూడా అంటారు.

ఈ పేర్లు రాసిపెట్టినవాడు జెర్డన్. 1840ల్లో మా నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన ఇంగ్లీషు డాక్టరు. పక్షి కనిపిస్తే చాలు, చుట్టుపక్కలవాళ్లు దాన్నేమంటారో అడిగి రాసుకునేవాడు. కలివికోడిని శాస్త్రానికి పరిచయం చేసింది కూడా ఆయనే, 1848లో. ఎండ పొదల్లో, రాళ్ల మీద తిరిగే ఇండియన్ రాబిన్ వట్టి నలంచి. ఇళ్ల దగ్గరిది పెద్ద నలంచి. అడవిలోది పొద నలంచి. మూడు పేర్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఈ పేర్లు పెట్టినవాళ్లకు ఆ మూడూ చుట్టాలని తెలుసు, ఏది ఎక్కడ కాపురముంటుందో కూడా తెలుసు. కొండదారి గారు ఇప్పుడు పేరా పేరాగా రాసినదంతా "పొద" అనే ఒక్క మాటలో ఉంది.

ఈ పేరు ఇప్పుడు ఎవరి నోటా వినపడటం లేదు. నాకు చాలా బాధగా ఉంటుంది. పిల్లలకు షామా అని నేర్పినా తప్పులేదు గానీ, పొద నలంచి అని కూడా చెప్పండి.

దూరతీరం (హొనొలులు)

ఇది చదివి ఒళ్లు పులకరించింది. నేను హవాయి రాష్ట్రంలో ఓహూ దీవి మీద ఉంటాను. ఇక్కడ మనోవా లోయలో నడకకు వెళితే షామా పాట వినకుండా రాలేం. ఇది ఇక్కడి పక్షి కాదు. 1931లో కవాయి దీవికి, 1940లో ఓహూకి మనుషులే తెచ్చి వదిలారు. ఇక్కడ అంత బెదురు లేదు, మా పెరట్లో మామిడి కొమ్మ మీద కూర్చుని పాడుతుంది.

ఆరేళ్లుగా వింటున్నాను. మన కొండల్లో కూడా ఉందని తెలీదు. నేను పుట్టింది అడ్డతీగల. మారేడుమిల్లికి గంటన్నర దారి కూడా ఉండదు. ఇంత దగ్గర పిట్టను ఇంత దూరం వచ్చి మొదటిసారి విన్నాను.

శబ్దగ్రాహి

దూరతీరం గారూ, ఇంకో సంగతి. మనకు తెలిసినంతలో మొట్టమొదట రికార్డయిన పక్షి పాట షామాదే. 1889లో జర్మనీలో, లుడ్విగ్ కోచ్ అనే ఎనిమిదేళ్ల పిల్లాడు తన పెంపుడు షామా పాడుతుంటే ఎడిసన్ ఫోనోగ్రాఫ్ మీద, మైనపు గొట్టంలోకి ఎక్కించాడు. పెద్దయ్యాక నాజీల నుంచి తప్పించుకుని ఇంగ్లండ్ చేరి, బీబీసీలో పక్షుల పాటలు వినిపిస్తూ పేరు తెచ్చుకున్నాడు. ఆ మొదటి రికార్డింగ్ ఇప్పటికీ ఉంది. గరగరల మధ్య నుంచి పాట వినిపిస్తుంది. నేను మైకు పట్టుకుని అడవికి వెళ్లడం మొదలుపెట్టింది అది విన్న తర్వాతే.

తేనెపట్టు (మారేడుమిల్లి దగ్గర)

నేను ఇక్కడ ఏజెన్సీలో పిల్లలకు పాఠాలు చెబుతాను. రెండేళ్ల కింద మే నెలలో మా బడి వెనక విరిగిన వెదురు మోడులో దీని గూడు చూశాను. నేల నుంచి నా ఛాతీ ఎత్తు. లోపల ఎండుటాకులు, సన్న వేళ్లు, పుల్లలు పరిచి ఉన్నాయి. నాలుగు గుడ్లు. లేత నీలం మీద కాఫీ పొడి చల్లినట్టు మచ్చలు. కట్టింది, పొదిగింది ఆడదే. మగది దూరంగా పాడుతూ, ఎవరైనా వస్తే "టక్ టక్" అంటూ ఉండేది. పొదగడానికి దాదాపు రెండు వారాలు పట్టింది.

పిల్లలెవరూ ఆ వైపు వెళ్లకుండా తాడు కట్టాం. ఒక కొండరెడ్డి కుర్రాడు రోజూ బడికి వస్తూనే "మాస్టారూ, ఉంది" అని చెప్పి లోపలికి వెళ్లేవాడు.

ఏడాదంతా ఉంటుందా అని అడిగారు కదా. ఉంటుంది, వలస పోదు. కానీ ఆగస్టు తర్వాత పాట బాగా తగ్గిపోతుంది. వినాలంటే మార్చి నుంచి జూన్ లోపు రండి. ఒక మనవి, వాగు ఏ మలుపు దగ్గరో ఇక్కడ రాయకండి.

కొత్తవాన

బాగా పాడుతుందంటున్నారు. జత ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లో పెంచుకోవాలని ఉంది. ధర ఎంత ఉంటుంది?

కొండదారి

తమ్ముడూ, తెలియక అడిగావని అనుకుంటున్నా. మన అడవి పిట్టల్ని పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చట్టం సంగతి ఒకటి. ఇంకొకటి విను. ఆగ్నేయాసియాలో ఈ పాట కోసమే, పాటల పోటీల కోసమే దీన్ని విపరీతంగా పట్టేశారు. ఇండోనేషియాలో "మురాయ్ బాతు" అని పిలిచే ఈ పిట్ట చాలా అడవుల్లో వినిపించకుండా పోయింది. 2022లో పనామాలో జరిగిన సైటిస్ (అడవి జీవుల వ్యాపారంపై దేశాల మధ్య ఒప్పందం) సమావేశంలో దీన్ని రెండో అనుబంధంలో చేర్చాల్సి వచ్చింది, అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేయడానికి. మన కొండల్లో ఇంకా ఉంది. ఒక ఉదయం వచ్చి విను, నేనే తీసుకెళ్తా.

కొత్తవాన

నిజంగా తెలీదు అన్నా. సారీ. వస్తాను.

నిర్వాహకులు

మొదటి పోస్టులో మైలురాయి సంఖ్య తీసేశాం. గూడు ఉన్న చోట్లు, కచ్చితమైన మలుపులు, మ్యాపు పిన్నులు ఎవరూ పెట్టవద్దు. ఫోన్‌లో దీని పాట వినిపించి బయటికి రప్పించవద్దు. గూళ్ల కాలంలో మగపిట్ట ఇంకో మగది వచ్చిందనుకుని గూడు కాపలా వదిలేసి కంగారుగా తిరుగుతుంది.

పొలంగట్టు

తలకోనలో కూడా ఇది ఉందా? వాగు, తేమ అడవి అక్కడా ఉన్నాయి. మా ఊళ్ల వైపు ఎండు పొదలే, అక్కడ వట్టి నలంచే కనిపిస్తుంది.

కొండదారి

తలకోనలో ఉంది. పడమటి కనుమల్లో, ఈశాన్యంలో, హిమాలయాల దిగువన ఉంది. అక్కణ్ణించి జావా, బోర్నియో దాకా. దక్కను ఎండు మైదానాల మీద కనిపించదు. తలకోన వెళితే ఎండుటాకుల మధ్య నేల మీద గెంతే నారింజ తల పిట్ట కూడా దొరుకుతుంది, ఆరెంజ్-హెడెడ్ థ్రష్. అదీ తియ్యగానే పాడుతుంది. తొందరపడి షామా అనుకోవద్దు.

తూర్పుగాలి

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. అందరికీ చెప్పాల్సింది ఉంది.

నాన్నకు మీరు రాసిందంతా చదివి వినిపించాను. నెల్లూరు నీడ గారి మాటలు రెండుసార్లు చదవమన్నారు. "పొద నలంచి" అని నోట్లో అనుకుంటూ కూర్చున్నారు. మళ్లీ వెళదామన్నది ఆయనే.

మొన్న ఆదివారం తెల్లవారుజామున అదే చోట కారు ఆపి, తలుపులు తెరిచి, లోపలే కూర్చున్నాం. కొండదారి గారు చెప్పినట్టు ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు. లైట్లు వేయలేదు. ఇరవై నిమిషాలు ఏమీ లేదు, వాగు చప్పుడు తప్ప. నాన్న ముందు విన్నారు. నాకింకా వినపడకముందే వేలు పైకెత్తారు. తర్వాత నేనూ విన్నాను.

ఈసారి కాస్త వెలుతురు వచ్చేదాకా పాడింది. పొద అంచుకు వచ్చి, అడ్డంగా వంగిన వెదురు మీద కూర్చుంది. తోక వెదురు కిందికి వేలాడుతోంది. పాడుతున్నప్పుడు గొంతు ఉబ్బి, తోక కొస సన్నగా అదురుతోంది. నేను గుసగుసగా ఒక్కొక్కటీ నాన్నకు చెబుతున్నాను. తల నలుపు. రెక్కలో తెలుపు లేదు. కాళ్లు గులాబీ. పొట్ట చింతపండు రంగు.

"కొత్తదా, పాతదా?" అన్నారు.

"కొత్తదే నాన్నా" అన్నాను. అప్పుడే అది ఎగిరి లోపలికి పోయింది. నడుము మీద తెలుపు మెరిసింది. అదీ చెప్పాను.